రాయలసీమలో ఐదు రోజులు: మకాం ఏ ఊళ్లో పెట్టాలి?

నమస్తే అండీ. మాది విజయనగరం. డిసెంబరులో అమ్మను తీసుకుని ఐదు రోజులు సీమ తిరుగుదామనుకుంటున్నా. తిరుపతి ఇదివరకే నాలుగుసార్లు వెళ్లొచ్చాం, ఈసారి చిన్న ఊళ్లే చూడాలి.

ముందు రైల్లో వచ్చి తాడిపత్రిలో దిగుతాం. పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి గుడి, ఊళ్లో చింతల వెంకటరమణుడి గుడి ఉన్నాయి కదా. ఆ రెండో గుళ్లో రాతి రథం ఫొటో చూసిన దగ్గర్నుంచి అమ్మ ధ్యాసంతా దాని మీదే. తర్వాత బెలుం గుహలు, జమ్మలమడుగు మీదుగా గండికోట, ఆఖర్న లేపాక్షి.

చిక్కల్లా అమ్మ మోకాళ్లతోనే. బెలుం గుహల్లో సందర్శకులు వెళ్లగలిగేది సుమారు 1.5 కిలోమీటర్లట, లోపల మెట్లు, ఉక్క. సగం దాకా వెళ్లి వెనక్కి రానిస్తారా? గండికోటలో బండరాళ్లు ఎక్కకుండా పెన్న లోయ కనిపించే చోటేదైనా ఉందా?

మకాం తాడిపత్రిలోనా, జమ్మలమడుగులోనా? అక్కడ ఆర్టీసీ బస్సులు నమ్ముకోవచ్చా, లేక రోజుకింతని కారు మాట్లాడుకోవడమే మేలా? లేపాక్షికి పోతూ పెనుకొండ కోట దగ్గర ఆగాలని నాకుంది. పూట సరిపోతుందా?

ఇంకోటి, అమ్మ నీచు ముట్టదు. రాగి సంగటిలోకి ఊరుబిండి పెట్టే పూటకూళ్ల ఇల్లు ఏ ఊళ్లో ఉన్నా చెప్పండి, దారి మళ్లించుకునైనా వెళ్తాం.