కీట్స్ ‘డార్‌క్లింగ్’: చీకట్లో ఉన్నది పిట్టా, వినేవాడా?

ఇంగ్లీషు కవి కీట్స్, రాత్రిళ్లు పాడే నైటింగేల్ పిట్ట మీద 1819లో రాసిన ‘ఓడ్ టు ఎ నైటింగేల్’ ఆరో చరణం ‘డార్‌క్లింగ్ ఐ లిజన్’ అని మొదలవుతుంది. ఇందులోని మొదటి మాటకు ‘చీకటి’ అని ఒక్క ముక్కలో అర్థం చెప్పేసి ముందుకెళ్తే పద్యానికి అన్యాయం జరుగుతుందని నా అభిప్రాయం.

ఆ మాట చివరి ‘లింగ్’ బాతుపిల్లను డక్లింగ్ అంటామే, ఆ లింగ్ కాదు. ఒకప్పటి ఇంగ్లీషులో క్రియావిశేషణాలు చేసిన ప్రత్యయం, మన ‘గా’ లాంటిది. అంటే డార్‌క్లింగ్‌కు అసలు అర్థం ‘చీకట్లో ఉండి’. షేక్‌స్పియర్ ‘కింగ్ లియర్’లో విదూషకుడు ఎంత మామూలుగా అంటాడో చూడండి: ‘సో అవుట్ వెంట్ ద క్యాండిల్, అండ్ వుయ్ వర్ లెఫ్ట్ డార్‌క్లింగ్’. దీపం ఆరిపోయింది, మనం చీకట్లో మిగిలాం. అంతే.

మిల్టన్ చేతిలో దీనికి బరువొచ్చింది. ‘పేరడైజ్ లాస్ట్’ (1667) మూడో భాగం మొదట్లో ఆయన వెలుగును పిలిచి, తన చూపు పోయిన సంగతి చెప్పుకుంటాడు. రాత్రి నిద్రపోని పిట్ట దట్టమైన పొదలో దాక్కుని ‘సింగ్స్ డార్‌క్లింగ్’ అంటూ, తన కవిత్వాన్ని ఆ పాటతో పోల్చుకుంటాడు.

కీట్స్ ఆ కావ్యాన్ని మార్జిన్లలో నోట్స్ రాసుకుంటూ చదివినవాడు. పిట్ట అదే, మాట అదే, కానీ పాడే పిట్ట నుంచి చీకటిని తీసి వినే మనిషికి ఇచ్చాడు. ముందు చరణంలోనే, కాళ్ల దగ్గర ఏ పూలున్నాయో కనపడట్లేదు, వాసనను బట్టి ఊహించుకుంటున్నా అంటాడు. చెవి, ముక్కు తప్ప ఏదీ పనిచేయని ఆ స్థితంతా ఈ ఒక్క మాటలో ఉంది.

శామ్యూల్ జాన్సన్ తన 1755 ఇంగ్లీషు నిఘంటువులో దీన్ని కేవలం కవిత్వపు మాట అన్నాడు. ‘డార్కిల్’ అనే క్రియ తనకెక్కడా కనపడలేదనీ రాశాడు. తర్వాత బైరన్ ‘డాన్ జువాన్’లో ‘స్పార్కిల్’కు ప్రాసగా ఆ క్రియనే వాడాడు!

1867లో అచ్చయిన ఆర్నాల్డ్ ‘డోవర్ బీచ్’లో ‘డార్‌క్లింగ్ ప్లెయిన్’ వస్తుంది. అక్కడ ఇది మైదానానికి విశేషణం. 1900 చివర్లో వచ్చిన హార్డీ ‘ద డార్‌క్లింగ్ థ్రష్’లోనూ విశేషణమే, అయినా నాకు అందులో పాత అర్థం వినిపిస్తుంది. చలికాలపు మునిమాపు వేళ థ్రష్ అనే బక్కచిక్కిన ముసలి పిట్ట గొంతెత్తి పాడుతుంది.

కీట్స్ పాదాన్ని నేనైతే ‘చీకట్లో ఉండి వింటున్నా’ అంటాను. హార్డీ శీర్షిక దగ్గరే ఆగిపోయాను. ‘చీకటి పిట్ట’ అంటే పిట్ట రంగే నలుపనుకుంటారు. మీరైతే ఏమంటారు?