అలుకా, అలకా? అమ్మ దిద్దిన చీటీ

కూకట్‌పల్లి: ఒక నవల సగంలో ఉన్నాను. తల్లి తెలుగు లెక్చరర్, కూతురు ఇంటర్ ఫస్టియర్. పదకొండు రోజులుగా ఇద్దరికీ మాటల్లేవు. కూతురు ఫ్రిజ్ మీద చీటీ అంటిస్తుంది: ‘నీ అలక ఎప్పుడు తీరుతుందో ఇక్కడే రాయి’. సాయంత్రానికి ఆ ‘ల’ కింద ఎర్రగీత, పైన ‘లు’. దాని కింద తల్లి చేతిరాతలో పద్యం తోక: ‘కాంతలుచిత వ్యాపారముల్ నేర్తురే’. ఇక్కడికొచ్చేసరికి మెట్రోలో అమీర్‌పేట దాటిపోయింది. పద్యం మొదలు నాలుక మీదే ఉంది, రావట్లేదు. అన్నట్టు, అమ్మ దిద్దింది కరెక్టేనా?

రామంతాపూర్: జలజాతాసన. నంది తిమ్మన కావ్యం పారిజాతాపహరణం. సత్యభామ ఎడమకాలితో కృష్ణుడి తల తోసేసిన చోటు. ‘నాథుల్ నేరముల్ సేయ పేరలుకం జెందిన యట్టి...’ తిమ్మన అలుక అన్నాడు. అమ్మదే రైటు.

చిక్కడపల్లి: మాష్టారూ, ఛందస్సు మీకు సాక్ష్యం చెప్పదు. లు, ల రెండూ లఘువులే. పైగా మూడో పాదం ‘పే’ దగ్గర ఆగి, నాలుగోది ‘రలుకం’ అని మొదలవుతుంది. మనం కొట్టుకుంటున్న అక్షరం సరిగ్గా ప్రాసస్థానంలో, అంటే పాదంలో రెండో అక్షరంగా కూచుంది! ప్రాసకు హల్లు కలిస్తే చాలు, అచ్చుతో పనిలేదు. ‘పేరలకం’ అన్నా ఈ పద్యం ఛందస్సు, మత్తేభం, కిమ్మనదు.

రామంతాపూర్: ప్రాస సరే, యతి చూశారా? పాదం మొదటి అక్షరం ‘ర’కీ పద్నాలుగోది ‘వ్యా’కీ ఎలా కుదిరింది? పేరు + అలుక కాబట్టి. అలుకలో ‘అ’కు ‘వ్యా’లోని ‘య’తో మైత్రి. తిమ్మనది ముద్దుపలుకు అని ఊరికే అనలేదు.

చిక్కడపల్లి: అది ‘అ’ సంగతండీ. నేనడిగింది ‘లు’.

సఫిల్‌గూడ: పేరలుక అంటే పూర్తిపేరు పెట్టి పిలిచినందుకు వచ్చే అలుక అనుకున్నా ఇన్నాళ్లూ! మా అమ్మ అలాగే పిలిచేది, కోపమొస్తే.

చిక్కడపల్లి: అయ్యో! పేరాస, పేరోలగం, పేరురం... టుగాగమ సంధి పాఠం మర్చిపోయారా? అక్కడ పేరు అంటే పెద్ద. మీ అమ్మగారి అర్థం ఎక్కువ బాగుంది, అది వేరే మాట.

సీతాఫల్‌మండి: పక్కనే చిలకలగూడ. చిలుకలగూడ అని ఎవరైనా రాస్తారా? చివరి ‘క’లో ఉన్న అకారం ముందున్న ఉకారాన్ని తనలా మార్చేసుకుంటుంది. ఇల్లలకగానే పండగ కాదంటాం, ఇల్లలుకగానే అనం. పెళ్లిలో అల్లుడెక్కేది అలకపాన్పే. పిల్ల మాట్లాడేదే రాసింది. ఎర్రగీత దండగ.

రామంతాపూర్: సంస్కృతంలో అలకలంటే ముంగురులు. ‘నీ ముంగురులు ఎప్పుడు తీరతాయి’ అని తల్లిని అడిగినట్టుంది.

కూకట్‌పల్లి: మాష్టారూ, గొడవ మొదలైందే జుట్టు దగ్గర! పదోతరగతి దాకా రోజూ తల్లే జడ వేసేది. ఆ పిల్ల చెప్పాపెట్టకుండా భుజాల దాకా కత్తిరించుకొచ్చింది. రచయిత్రి కావాలనే ‘అలక’ రాయించిందంటారా?

చిక్కడపల్లి: అంత లేదు, అచ్చుతప్పు అయ్యుంటుంది.

సఫిల్‌గూడ: అచ్చుతప్పయితే ఎర్రగీత ఎందుకు పెడతారండీ!

రామంతాపూర్: అలుకంటే తిమ్మనే. రాయలవారి దేవి ఆయన చిత్రపటం వైపు కాళ్లు పెట్టి పడుకుందనీ, ఆయన కోపం దించడానికే ఈ కావ్యం పుట్టిందనీ చెప్పుకుంటారు. ఆ కథ లెక్కన అసలు అలిగింది సత్య కాదు, రాయలు.

సీతాఫల్‌మండి: రాయలదైనా సరే, నోటితో అంటే అలకే.

కూకట్‌పల్లి: ఇప్పుడే పేజీ తిప్పాను. కూతురు ఆ ‘లు’ కొట్టేసి మళ్లీ ‘ల’ రాసింది. పెన్సిల్‌తో.

రామంతాపూర్: మళ్లీ దిద్దుతుంది చూడండి. దిద్దకపోతే ఆవిడ తెలుగు లెక్చరరే కాదు.