కైరోలో ఒక్క రోజే ఉంది, అమ్మని ఏ పిరమిడ్ లోపలికి తీసుకెళ్లాలి?

తెనాలి_టు_దుబాయ్:
జనవరిలో అమ్మ దుబాయ్ వస్తోంది, తనని కైరో తీసుకెళ్తున్నా. తిరగడానికి ఒకటే రోజు. ట్రావెల్స్ వాళ్లు కారు, గైడు ఇచ్చి గీజా, మెంఫిస్, సక్కారా, దహ్‌షూర్ అన్నీ చూపించేస్తామంటున్నారు. అమ్మకి 66 ఏళ్లు, మోకాళ్ల నొప్పి. అయినా "అంత దూరం పోయి పిరమిడ్ లోపలికి అడుగు పెట్టకుండా వస్తానా" అని పట్టు. దేనికి టికెట్ కొనాలి? మధ్యాహ్నం శాకాహారం దొరుకుతుందా?

పాడిపంట:
పోయిన ఫిబ్రవరిలో అమ్మానాన్నలతో ఇదే టూరు చేశాం కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నా.

దహ్‌షూర్‌లో స్నెఫ్రు అనే రాజు కట్టించిన ఎర్ర పిరమిడ్ ఉంది. ముందు బయటి మెట్లెక్కి 28 మీటర్ల పైకి వెళ్లాలి, ద్వారం అక్కడుంది. అక్కణ్ణుంచి 60 మీటర్ల పైచిలుకు ఏటవాలు సొరంగం. ఎత్తు మూడడుగులు. చెక్కల మీద అడ్డంగా పట్టీలు కొట్టారు, నిచ్చెన దిగినట్టు వెనక్కి తిరిగి దిగాలి. కింద అమ్మోనియా వాసన ముక్కు పగలగొడుతుంది. గది మాత్రం అద్భుతం. రెండు పక్కల గోడలూ వరస వరసకీ లోపలికి జరుగుతూ ఎక్కడో పైన కలుస్తాయి. కానీ మూడు రోజులు నేను కింద కూర్చుని లేవలేకపోయా, నాకు 38. మీ అమ్మగారికి వద్దే వద్దు.

గీజాలో ఖుఫు పిరమిడ్‌లో దిగడం కాదు, ఎక్కడం. నడుం వంచి ఇరుకు దారిలో ఎక్కితే 8 మీటర్ల పైగా ఎత్తున్న గ్యాలరీ వస్తుంది, దాని చివర మళ్లీ వంగితే రాజు గది. లోపల మూత లేని గ్రానైట్ తొట్టి ఒకటి. గోడల మీద అక్షరం ముక్క లేదు. చెమటలు కారుతూ లోపలికొచ్చిన మా నాన్న దాన్ని చూసి "ఇంతకంటే మన కుడితి తొట్టే నయం కదరా" అన్నారు.

అసలు చూడాల్సింది సక్కారాలో అధికారుల సమాధులు. సెరాపియం (పవిత్రమైన ఎద్దుల్ని పూడ్చిన సొరంగాలు) దగ్గర 'తి' అనే ఆయన సమాధి ఉంది. అయిదో రాజవంశం నాటి రాజుల పిరమిడ్ల మీద పెత్తనం చేసినవాడు, అంటే 4,400 ఏళ్ల కిందటి మాట. నేల మట్టంగా నడిచి లోపలికి పోవచ్చు. ఒక గోడ మీద ఆవులు కాలవ దాటుతుంటాయి, నీళ్లలోంచి వాటి కాళ్లు కనబడతాయి. ముందు ఒకడు దూడని వీపున వేసుకుని వంగి నడుస్తున్నాడు. ఆ దూడ మెడ తిప్పి తల్లి వైపు చూస్తోంది, తల్లి మోర పైకెత్తి అరుస్తోంది. మాది పాడి ఉన్న ఇల్లు. అమ్మ అక్కడే ఆగిపోయింది. "దూడని ముందు దాటిస్తే మంద అదే వస్తుంది, మా నాన్న కూడా ఇంతే చేసేవాడు" అంది. గైడు చెప్పబోయింది కూడా అదే. అతను నవ్వి ఊరుకున్నాడు.

మెంఫిస్ తీసేయండి. వెల్లకిలా పడుకోబెట్టిన పెద్ద రామ్‌సెస్ విగ్రహం బాగుంటుంది గానీ, ఒక్క రోజులో దానికి టైం చాలదు. పపైరస్ షాపు, అత్తరు షాపు వద్దని ముందే వాట్సాప్‌లో రాసి పెట్టండి. నోటి మాటగా చెప్పి నేను గంటన్నర పోగొట్టుకున్నా.

ఎడారిపావురం:
ఒంటె ఎక్కడానికి ఒక రేటు, దిగడానికి ఇంకో రేటు. బేరం రెంటికీ కలిపి చేసుకోండి. సమాధుల దగ్గర కాపలావాళ్లు టార్చి వేసి చూపించి బక్షీష్ అడుగుతారు, చిల్లర నోట్లు ఉంచుకోండి. తిండికి కోషరీ ఉంది: అన్నం, మసూర్ పప్పు, మకరోనీ, శనగలు, పైన వేయించిన ఉల్లి, టమాటా సాస్. కారం సాస్ విడిగా ఇస్తారు, మనవాళ్లకి అది సరిపోదు. పచ్చడి పొట్లం పట్టుకెళ్లండి.

రాతిగూడు:
పెద్దావిడ పిరమిడ్ లోపలికే వెళ్తానంటుంటే సమాధి చూపించి సరిపెట్టమంటారేంటి? సక్కారాలోనే ఉనాస్ అనే రాజు పిరమిడ్ ఉంది, తెతీ అనే రాజుది ఉంది. వంగాలి గానీ కొద్ది దూరమే. ఉనాస్‌లో గోడల నిండా నిలువు వరసల్లో రాతలు, కప్పంతా నక్షత్రాలు. పిరమిడ్ లోపల మంత్రాలు చెక్కించడం మొదలైంది అందులోనే. ఆ రోజు ఏది తెరిచారో గేటు దగ్గర కనుక్కోండి.

తెనాలి_టు_దుబాయ్:
అందరికీ థాంక్స్. సక్కారా ఖాయం, ఉనాస్ తెరిచుంటే అదీ. ఎర్ర పిరమిడ్ నేనొక్కణ్ణే దిగుతా. దూడ సంగతి అమ్మకి చదివి వినిపిస్తే "కొమ్ములెట్టా ఉన్నాయి, మన ఒంగోలు వాటిలాగేనా?" అని అడుగుతోంది.

పాడిపంట:
పొడుగు కొమ్ములండీ. మూపురం మాత్రం లేదు. మా అమ్మ ముందు చూసింది అదే.