గోల్‌కిక్ పొడుగ్గా తన్నొద్దన్న రూల్ ఎత్తేయాలా? (9 ఏళ్ళ లోపు జట్టు)

కోన్‌కోచ్
9 ఏళ్ళ లోపు పిల్లల ఫుట్‌బాల్ జట్టుకు కోచింగ్ ఇస్తున్నాను. ఏడుగురేసి ఆడే మ్యాచ్‌లు. సీజన్ మొదట్లోనే నా పద్ధతి ఏమిటో తల్లిదండ్రులకు కాగితం మీద రాసిచ్చాను. ఆడే సమయం అందరికీ సమానం. గోల్‌లో అందరూ వంతులవారీగా నిలబడాలి. గోల్‌కిక్ (అవతలివాళ్ళు తన్నిన బంతి మా గోల్ పక్కనుంచి బయటికి పోతే మేం గోల్ ముందు పెట్టి తన్నేది) అయినా, కీపర్ చేతికి బంతి చిక్కినా పొడుగ్గా తన్నకూడదు, దగ్గర ఉన్నవాళ్ళకి నేలబారుగా ఇవ్వాలి. మ్యాచ్ నడుస్తుండగా బయటి నుంచి ఎవరూ 'కొట్టు, వదిలెయ్' అని అరవకూడదు.

పోయిన మ్యాచ్ 9-1తో ఓడాం. అందులో ఆరు గోల్స్ మా గోల్‌కిక్‌ల నుంచి వచ్చినవే. కీపర్ పక్కనున్న బ్యాక్‌కి (వెనక కాచే పిల్లాడికి) ఇస్తాడు, అవతలి వాళ్ళు ముగ్గురు మీద పడతారు, బంతి పోతుంది, గోల్. ఇప్పుడు ఆ మూడో రూల్ ఎత్తేయమని తల్లిదండ్రుల గ్రూపులో ఒకటే గొడవ. మిగతావాటి జోలికి పోకుండా దీని ఒక్కదాని మీద మీ అభిప్రాయం చెప్పండి.

పాత స్టాపర్
ఎత్తేయండి. ఇందులో ఆలోచించడానికి ఏముంది?

స్టాపర్‌గా, అంటే గోల్ ముందు మధ్యలో కాచే డిఫెండర్‌గా, ఏళ్ళ తరబడి ఆడినవాణ్ణి. మన గోల్ ముందు డౌట్ వస్తే బంతిని బయటికి తన్నెయ్, తర్వాత చూసుకుందాం అన్నది మాకు నేర్పిన మొదటి పాఠం. ఎనిమిదేళ్ళ పిల్లాడి మీదకి ముగ్గురు పరుగెత్తుకొస్తుంటే తలెత్తి చూసి పాస్ ఎలా ఇస్తాడండీ? లక్షలు తీసుకునే డిఫెండర్లే అక్కడ బంతి పోగొట్టుకుని గోల్స్ ఇచ్చేస్తున్నారు. టీవీలో చూసిన ఆటని తెచ్చి పిల్లల మీద రుద్దుతున్నారు. ఒకే తప్పుకి ఆరు గోల్స్ పడుతుంటే కోచ్ చేతులు కట్టుకుని నిలబడ్డాడంటే దాన్ని పద్ధతి అనరు, మొండితనం అంటారు.

బూట్‌లేస్
ఎత్తేయండి. ఇంకో రెండు 9-1లు పడితే సగంమంది ప్రాక్టీస్‌కి రారు.

ఎడమకాలు
అస్సలు ఎత్తేయొద్దు. నేనూ ఈ వయసు పిల్లలకే నేర్పుతాను.

కీపర్ పొడుగ్గా తంతే ఏమవుతుందో అందరికీ తెలుసు. జట్టులో ఒంటిబలం ఉన్న పిల్లాడు ఒకడు ముందు కాచుకుని ఉంటాడు, వాడే పరుగెత్తి వాడే గోల్ కొడతాడు. మిగతావాళ్ళు చూస్తూ నిలబడతారు. మ్యాచ్ గెలుస్తారు కానీ ఆట రాదు.

బెల్జియం ఏం చేసిందో చూడండి. సొంతగడ్డ మీద ఆడిన 2000 యూరో కప్‌లో గ్రూప్ దశలోనే ఇంటికి పోయింది. తర్వాత వాళ్ళ ఫుట్‌బాల్ సంఘం టెక్నికల్ డైరెక్టర్ మిషెల్ సాబ్లోన్ ఆధ్వర్యంలో 1500 దాకా పిల్లల మ్యాచ్‌లు వీడియో తీయించి పరిశీలించారు. చిన్నపిల్లల కాలికి బంతి తగలడమే అరుదు, పెద్దల ధ్యాసంతా గెలుపు మీదే అని తేలింది. అందుకే ఇద్దరిద్దరు, ఐదుగురైదుగురు ఆడే చిన్న ఆటలు తెచ్చారు. బాగా చిన్నవాళ్ళకి పాయింట్ల పట్టికే తీసేశారు. 2018 వరల్డ్ కప్‌లో మూడో స్థానం వచ్చింది. ఓడిపోతున్నామని మధ్యలో భయపడి ఉంటే వచ్చేదా?

పాత స్టాపర్
బెల్జియం కథ వస్తుందని ముందే అనుకున్నా.

బెల్జియం స్టార్లు హజార్డ్, డి బ్రూయ్నా ఇద్దరూ 1991లో పుట్టారు. మీరు చెప్పే మార్పులు మొదలయ్యేసరికి వాళ్ళకి తొమ్మిది దాటాయి. హజార్డ్ 14 ఏళ్ళకే ఫ్రాన్స్‌లో లిల్ క్లబ్‌కి వెళ్ళిపోయాడు. డిఫెండర్లు వెర్టోంగెన్, ఆల్డర్‌వైరెల్డ్ టీనేజీలో వెళ్ళి రాటుదేలింది నెదర్లాండ్స్ క్లబ్ అయాక్స్‌లో. అంటే పక్కదేశాలు పండించిన పంటకి బెల్జియం పేరు పెడుతున్నారు. అదీ కాక ఇక్కడ ప్రశ్న గోల్‌కిక్ గురించి. సాబ్లోన్ గారు గోల్‌కిక్ గురించి ఏం చెప్పారో అది చెప్పండి.

హాఫ్‌టైమ్
మీరిద్దరూ కాసేపు ఆగితే ఒక మాట చెప్తా. దీనికి రూల్స్‌లోనే దారి ఉంది. అమెరికాలో పిల్లల ఏడుగురి ఆటకి బిల్డ్‌అవుట్ లైన్ అని ఒక గీత ఉంటుంది. గోల్‌కిక్ అప్పుడు అవతలి జట్టు ఆ గీత వెనక్కి పోవాలి. కీపర్ చేతుల్లోంచి బంతి వదిలి తన్నడం అసలు కుదరదు. ఇంగ్లాండ్‌లో కూడా చిన్నపిల్లల ఆటలో ప్రత్యర్థులు వెనక్కి తగ్గాల్సిన గీత ఉంది. గీత లేకుండా ఈ రూల్ మీ జట్టు ఒక్కటే పాటిస్తే పిల్లల్ని తీసుకెళ్ళి వలలో వేసినట్టే. మీ లీగ్‌లో గీత ఉందా?

సైజ్4
బంతి సైజు ఎంత వాడుతున్నారు?

కోన్‌కోచ్
గీత లేదండీ. అవతలి కోచ్‌ని అడిగి చూశాను. 'మీ పద్ధతి మీ ఇష్టం, మేమెందుకు వెనక్కి తగ్గాలి' అన్నారు. ఆయన పిల్లలకి చెప్పిందల్లా ఒకటే, గోల్‌కిక్ అనగానే మీద పడండి అని.

పాత స్టాపర్
ఆయన ఎదుటి జట్టు బలహీనత కనిపెట్టాడు. కోచ్ పని అదే కదా?

ఎడమకాలు
ఎనిమిదేళ్ళ పిల్లల మీదా? ఆయన జట్టు ఆ రోజు ఏం నేర్చుకుంది? పెనాల్టీ బాక్స్ దగ్గర కాపు కాయడం. సంవత్సరం తర్వాత ఎవరో ఒకరు వాళ్ళ ఒత్తిడి దాటుకుని ఆడేస్తారు, అప్పుడు వాళ్ళ దగ్గర ఇంకేమీ ఉండదు.

సైడ్‌లైన్ అమ్మ
నాకు టెక్నికల్ విషయాలు అంతగా తెలియవు. మా అమ్మాయి జట్టులోనూ ఇదే రూల్. ఒక మ్యాచ్‌లో తను కీపర్. ఏడుస్తూ బయటికొచ్చింది. ఓడినందుకేమో అనుకున్నాం. కాదట. దూరంగా వింగ్‌లో ఫ్రెండ్ ఖాళీగా కనిపించింది, అక్కడికి తన్నబోతే కోచ్ 'వద్దు, దగ్గరికే' అని అరిచారు. దగ్గరికి ఇచ్చింది, గోల్ పడింది. 'నేను చూశానమ్మా, నాకు కనిపించింది' అని రాత్రంతా అదే మాట. బయటి నుంచి ఎవరూ అరవకూడదన్న రూల్ కోచ్‌కి వర్తించదా?

బూట్‌లేస్
ఇది మంచి ప్రశ్న.

ఎడమకాలు
అమ్మగారూ, ఒక్క సందర్భం పట్టుకుని రూల్ మార్చలేం. పదిసార్లలో తొమ్మిదిసార్లు ఆ పొడుగు బంతి ఎవరికీ అందదు.

పాత స్టాపర్ గారికి బెల్జియం నచ్చకపోతే జర్మనీ చూడండి. 2024-25 సీజన్ నుంచి 11 ఏళ్ళ లోపు పిల్లలకి దేశమంతా చిన్న ఆటలే. బాగా చిన్నవాళ్ళు నాలుగు చిన్న గోల్స్ పెట్టుకుని ఆడతారు. పట్టికలు లేవు. నార్వేలో అయితే 11 ఏళ్ళు వచ్చేదాకా పట్టికలు పెట్టరు, చాలాకాలంగా అంతే. వీళ్ళందరూ తెలివితక్కువవాళ్ళా?

పాత స్టాపర్
జర్మనీలో డార్ట్‌మండ్ క్లబ్ పెద్ద వాట్స్కే ఈ మార్పుని 2023లో అందరిముందూ వెక్కిరించాడు. ఓడితే ఎలా ఉంటుందో తెలియకుండా పిల్లల్ని పెంచుతారా అన్నది ఆయన బాధ. ఆయన కూడా తెలివితక్కువవాడేనా? పైగా నాలుగు గోల్స్ పెట్టుకున్న ఆటలో కీపరే ఉండడు, గోల్‌కిక్ సమస్యే రాదు. మళ్ళీ అడుగుతున్నా, ఆరు గోల్స్ పడ్డాయి. ఆరు. దానికి మీ సమాధానం ఏమిటి?

ఎడమకాలు
నా సమాధానం, పడనివ్వండి. ఎవరికి నొప్పి? పిల్లలు ఐస్‌క్రీమ్ తిని మర్చిపోతారు. నిద్రపట్టనిది తండ్రులకి. తాము ఆడలేకపోయిన మ్యాచ్‌లన్నీ పిల్లల కాళ్ళతో ఆడించాలనుకునే పాత ఆటగాళ్ళని ప్రతి శనివారం చూస్తూనే ఉన్నాను.

పాత స్టాపర్
నోరు అదుపులో పెట్టుకోండి. నా ఆట గురించి మీకేం తెలుసు? పై పోస్టులో ఒక తల్లి మా అమ్మాయి రాత్రంతా బాధపడిందని రాసింది. మీరేమో మర్చిపోతారు అంటున్నారు. చదవరా, లేక మీ బెల్జియం వీడియోల్లో లేనిదేదీ మీకు కనిపించదా?

విజిల్ (మోడరేటర్)
వ్యక్తిగత మాటలు ఇక్కడితో ఆపండి. ఇంకోసారి అయితే చర్చకి తాళం వేస్తాను.

హాఫ్‌టైమ్
కోన్‌కోచ్ గారూ, గోల్‌కిక్ నుంచి బయటికి రావడం ప్రాక్టీస్‌లో ఎప్పుడైనా చేయించారా? కీపర్‌తో కలిపి నలుగురు, ఎదురుగా ఇద్దరు. అది కుదిరాక ఎదురుగా ముగ్గురు. బ్యాక్‌లు ఇద్దరూ పక్క గీతల దాకా విడిపోవాలి, మధ్యలోవాడు కిందికి, మన గోల్ వైపు దిగాలి. ఇవేవీ చేయించకుండా మ్యాచ్‌లో 'నేలబారుగా ఇవ్వు' అంటే వాళ్ళకి ఎవరికి ఇవ్వాలో తెలియదు.

పాత స్టాపర్
సరే, తిట్టుకోవడం అయింది కాబట్టి అసలు సంగతి చెప్తాను.

మావాడు ఏడేళ్ళప్పటి నుంచి ఒకే కోచ్ దగ్గర ఆడాడు. అచ్చం మీ మాటలే మాట్లాడేవాడు ఆయన. ఆటే పిల్లలకి నేర్పుతుంది, ఫలితాలు చూడం, ఓపిక పట్టండి. పట్టాం. స్కోరు ఎంత అని మావాణ్ణి ఒక్కసారి కూడా అడగలేదు. పదకొండుగురి ఆట వయసు వచ్చాక ఇంకో జట్టు సెలక్షన్‌కి తీసుకెళ్తే మొదటి ఆటలోనే పక్కన కూర్చోబెట్టారు. ఎడమకాలితో పాస్ ఇవ్వడం రాదు. బంతి వచ్చేముందు చుట్టూ చూసుకోవడం రాదు. పాత కోచ్‌ని వెళ్ళి అడిగితే 'మేం ఫలితాలు చూడమని ముందే చెప్పాం కదండీ' అన్నాడు.

ఫలితం అంటే స్కోరు ఒక్కటేనా? అన్నేళ్ళలో ఒక్కరోజైనా మీవాడికి ఇది రావట్లేదని నాతో చెప్పాలా వద్దా? స్కోరు వద్దంటారు, పట్టిక వద్దంటారు, ఒప్పుకుంటాను. మరి మీ పనికి లెక్క ఏది? ఓడితే డెవలప్‌మెంట్ అంటారు, గెలిచినా డెవలప్‌మెంట్ అంటారు. మీరు సరిగ్గా నేర్పట్లేదని మాకు ఎప్పటికైనా తెలిసే దారి ఉందా? గోల్‌కిక్ రూల్ మీద నా కోపం అంతా అదే. ఆ రూల్ వెనక ఏ కోచ్ అయినా దాక్కోవచ్చు.

ఎడమకాలు
ఇది మొదటి పోస్టులోనే రాసి ఉంటే ఇంత గొడవ అయ్యేది కాదు.

మీవాడి కోచ్ చేసింది నేను సమర్థించను. ఆటే అన్నీ నేర్పేస్తే మనమెందుకు? ఎడమకాలు ఆడించాలంటే కోచ్ ప్రతివారం దానికోసం పూనుకోవాలి. కానీ ఆ లెక్క స్కోరుతో తేలదు. ఈ వయసులో స్కోరు ఎక్కువగా చూపించేది ఎవరు ఏ నెలలో పుట్టారన్నదే. ఇంగ్లాండ్‌లో వయసు లెక్క సెప్టెంబరు నుంచి. జూలై చివర్లో పుట్టి, తన వయసు జట్టులో చిన్నవాళ్ళలో ఒకడైన ఇంగ్లాండ్ స్టార్ హ్యారీ కేన్‌ని ఆర్సెనల్ క్లబ్ చిన్నప్పుడే వద్దనుకుంది.

పాత స్టాపర్
కేన్ పేరు మనకి తెలుసు. ఆర్సెనల్ వద్దనుకున్న మిగతా పిల్లలు ఎవరికి తెలుసు? ఉదాహరణలు వదిలేయండి. స్కోరు కాకపోతే ఏది చూపిస్తారు? ఒక్కో పిల్లాడి గురించి ఆరునెలలకోసారి కాగితం రాసిస్తారా?

ఎడమకాలు
ఇవ్వను. ఇక్కడే మీకూ నాకూ కుదరదు.

ఒకప్పుడు రాసిచ్చేవాణ్ణి. 'బంతి పోయాక ఆగిపోతున్నాడు, వెంటపడటం నేర్చుకోవాలి' అని ఒక పిల్లాడి గురించి రాశాను. వాళ్ళ నాన్న ఆ కాగితం జేబులో పెట్టుకుని ప్రతి మ్యాచ్‌కీ వచ్చేవాడు. బంతి పోయిన ప్రతిసారీ కొడుకు ముందు ఆయన వైపు చూసేవాడు, ఆ తర్వాతే బంతి వైపు. సీజన్ పూర్తికాకుండానే మానేశాడు. చెప్పాల్సింది ఏదైనా ఉంటే పిల్లాడికే చెప్తాను, ఆడించి చూపిస్తాను. అది వాడికీ నాకూ మధ్య విషయం.

పాత స్టాపర్
ఎనిమిదేళ్ళ వాడికీ మీకూ మధ్య రహస్యాలు ఏమిటండీ? వాణ్ణి తీసుకొచ్చి దింపేది నేను. తెలుసుకునే హక్కు నాకుంది.

సైడ్‌లైన్ అమ్మ
ఎడమకాలు గారు చెప్పిన ఆ తండ్రి లాంటివాళ్ళు మా జట్టులోనూ ఇద్దరున్నారు. అలాగని మా అందరికీ ఏమీ చెప్పకపోతే ఎలా?

కోన్‌కోచ్
అందరూ ఓపిగ్గా రాశారు. సైజ్4 గారూ, బంతి 4వ సైజే, అది సరిగ్గానే ఉంది. హాఫ్‌టైమ్ గారూ, పాసింగ్ చేయించాను కానీ మీరు చెప్పినట్టు ఎదురుగా మనుషుల్ని పెట్టి చేయించలేదు. ఈ వారం అదే మొదలుపెడుతున్నాను.

రూల్ ఇలా మారుస్తున్నాను. కీపర్ బంతి పెట్టాక ముందు తలెత్తి చూడాలి. దగ్గర ఎవరైనా ఖాళీగా ఉంటే వాళ్ళకే. దూరంగా ఎవరైనా నిజంగా ఖాళీగా ఉంటే అక్కడికి తన్నొచ్చు. ఎవరినీ చూడకుండా గాల్లోకి తన్నడం మాత్రం కుదరదు. నేనూ బయటి నుంచి ఏమీ అనను. ఇక తల్లిదండ్రులతో ఒక్కొక్కరితో విడిగా కూర్చుని మాట్లాడతాను. రాసివ్వడం మీద మాత్రం ఇంకా ఏమీ అనుకోలేదు.

పాత స్టాపర్
రూల్ బాగుంది. కానీ నోటిమాట వచ్చే సీజన్‌కి మీకూ గుర్తుండదు, నాకూ గుర్తుండదు. రాసివ్వండి.

ఎడమకాలు
రూల్ బాగాలేదు. రెండు గోల్స్ పడగానే ప్రతి కీపర్‌కీ 'దూరంగా ఎవరో ఖాళీగా' కనిపిస్తారు. రాసిస్తే మాత్రం అది ఆ రాత్రికే తల్లిదండ్రుల గ్రూపులో ఉంటుంది. చూసుకోండి.

బూట్‌లేస్
మా గ్రూపులో అయితే రాత్రిదాకా కూడా ఆగరు.