అప్‌డేట్: 8.0 సెయిల్‌తో వెనక చెయ్యి బిగుసుకుపోవడం – కారణం దొరికింది

ఐక్యూఫాయిల్ (నీటిపైకి లేచి వెళ్లే ఫాయిల్ విండ్‌సర్ఫింగ్ బోర్డు) మీద 8.0 చ.మీ. సెయిల్‌తో (తెరచాపతో) పది నిమిషాలకే వెనక ముంజెయ్యి రాయిలా బిగుసుకుపోతోందని అడిగాను కదా, తగ్గింది. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

పనిచేసింది డౌన్‌హాల్, అంటే సెయిల్‌ని కిందికి లాగి బిగించే తాడు. 2 సెం.మీ. ఎక్కువ లాగాక పైన లీచ్ (సెయిల్ వెనక అంచు) వదులై రెపరెపలాడుతోంది. ఇదివరకు అది బిగుతుగా ఉండి, గాలి పెరిగినప్పుడల్లా సెయిల్ పొట్ట (గాలికి ఉబ్బే భాగం) వెనక్కి జరిగేది, భారమంతా వెనక చేతి మీదే.

ఆ తర్వాతే హార్నెస్ లైన్లు, అంటే బూమ్‌కి (చేతులతో పట్టుకునే అడ్డకడ్డీకి) కట్టి, ఒంటికి వేసుకున్న బెల్ట్ హుక్‌కి తగిలించే తాళ్లు. హుక్ తగిలించి నిలకడగా వెళ్తూ రెండు చేతులూ బూమ్ మీంచి ఒక్క క్షణం ఎత్తి చూడాలి. సెయిల్ తెరుచుకుంటే లైన్లు వెనక్కి, లోపలికి లాక్కుంటే ముందుకు. నాకు 3 సెం.మీ. వెనక్కి జరిపితే కుదిరింది. డౌన్‌హాల్ మార్చిన ప్రతిసారీ ఇది మళ్లీ చూసుకోవాల్సిందే.

ఫిజియో నరాలు, స్నాయువులు బాగానే ఉన్నాయన్నారు. బూమ్ ఎత్తు, గ్రిప్ మందం మార్చినా తేడా రాలేదు.