బూస్టర్ డబ్బిస్తే జట్టును ఇంట్లో కూర్చోబెట్టాలా, జరిమానాతో వదిలేయాలా?

నాలుగో డౌన్

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ శిక్షల గురించి వేరే చోట్ల మొదలైన వాదన ఎక్కడెక్కడికో పోతోంది కాబట్టి ఇక్కడ ఒక్క ముక్క మీదే పెడుతున్నా. 1987లో డాలస్‌లోని సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీ, అంటే ఎస్‌ఎంయూ ఆటగాళ్లకు బూస్టర్ డబ్బు అందిందని కాలేజీ ఆటలను నడిపే సంఘమైన ఎన్‌సీఏఏ ఆ ఏడాది సీజన్ మొత్తం రద్దు చేసింది. 2023 జూలైలో టెనసీ యూనివర్సిటీ మీద మొదటి స్థాయి, అంటే అన్నిటికంటే తీవ్రమైన ఉల్లంఘనలు 18 తేలాయి. అయినా 80 లక్షల డాలర్ల జరిమానా, ఐదేళ్ల ప్రొబేషన్, 28 స్కాలర్‌షిప్‌ల కోతతో సరిపెట్టి, సీజన్ చివర ఆడే బౌల్ ఆటలకు మాత్రం వెళ్లనిచ్చింది. ఏది న్యాయం?

కొత్తగా చూస్తున్నవాళ్లకు: బూస్టర్ అంటే కోటీశ్వరుడైన దాత ఒక్కడే కాదు. ఎన్‌సీఏఏ నిబంధనల్లో అథ్లెటిక్ విభాగానికి ఎంతో కొంత విరాళమిచ్చినవాడు, బూస్టర్ క్లబ్బు సభ్యుడు, ఆటగాడికి ఉద్యోగం ఇప్పించినవాడు అందరూ బూస్టర్లే. ఒకసారి ఆ ముద్ర పడితే మరి పోదు.

పాతకాపు

జరిమానా అనేది శిక్షే కాదు. టెనసీ అథ్లెటిక్ విభాగానికి ఏటా వచ్చేది 15 కోట్ల డాలర్లకు పైమాటే. అందులో 80 లక్షలు కట్టమంటే ఎవరు కడతారు? మళ్లీ ఆ దాతలే. అంటే తప్పు చేసిన వర్గమే చెక్కు రాసి తప్పును కొనేసుకుంటుంది.

ఎస్‌ఎంయూ విషయంలో జనానికి గుర్తుండేది సీజన్ రద్దు ఒక్కటే. అంత దూరం ఎందుకు వెళ్లిందో చూడండి. 1985లో ఒకసారి దొరికి మూడేళ్ల ప్రొబేషన్‌లో ఉన్నారు. అదే ఏడాది ఎన్‌సీఏఏ కొత్త నిబంధన తెచ్చింది: ఐదేళ్లలో రెండోసారి పెద్ద తప్పు చేస్తే ఆట ఆపే అధికారం తమకు ఉంటుందని. అది తెలిసి కూడా 1985-86లో 13 మంది ఆటగాళ్లకు సుమారు 47,000 డాలర్లు, 1986 సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా ఎనిమిది మందికి మరో 14,000 ఇచ్చారు. నెలకు మనిషికి 50 నుంచి 725 డాలర్లు. ఇచ్చింది ఒక బూస్టర్ పెట్టిన నిధి నుంచి, పంచింది అథ్లెటిక్ సిబ్బందికి తెలిసే.

ఇంకో సంగతి. అప్పటికే మాటిచ్చిన ఆటగాళ్లకు డబ్బు ఆపేస్తే వాళ్లు నోరు విప్పుతారన్న భయంతో, వాళ్ల చదువు అయ్యేదాకా ఇస్తూ పోయి మెల్లగా ఆపుదామని యూనివర్సిటీ పెద్దలు నిర్ణయించుకున్నారు. ఆ పెద్దల్లో ఒకడైన బిల్ క్లెమెంట్స్ 1987 మార్చిలో ఈ మాట తనే ఒప్పుకున్నాడు, అదీ టెక్సాస్ గవర్నర్ కుర్చీలో ఉండి. తిలాపాపం తలా పిడికెడు. అలాంటి చోట జరిమానా వేస్తే నవ్వుకుంటారు.

లెక్కల మాస్టారు

పాతకాపు గారూ, లెక్క సరిగ్గానే చెప్పారు, సగంలో ఆపారు. ఆ తర్వాతేమైంది? 1987 పూర్తిగా రద్దు. 1988లో ఏడు ఆటలు బయటి ఊళ్లలో ఆడుకోమంటే, జట్టు కట్టడానికి మనుషులు లేక యూనివర్సిటీయే వద్దంది. నాలుగేళ్లలో 55 స్కాలర్‌షిప్‌లు పోయాయి. 1989లో తిరిగొచ్చి రెండు గెలిచి తొమ్మిది ఓడారు, హ్యూస్టన్ చేతిలో 95-21. మళ్లీ బౌల్ ఆట చూసింది 2009లో. 1989లో ఆ 95 పాయింట్లు మీద వేయించుకున్న కుర్రాళ్లలో ఎక్కువమంది 1985లో హైస్కూల్లో ఉన్నారు. చేసినవాడొకడు, అనుభవించినవాడొకడు.

మీరంతా సీజన్ రద్దు, బౌల్ నిషేధం గురించే మాట్లాడుతున్నారు గానీ, జట్టును నిజంగా తినేసేది స్కాలర్‌షిప్ కోత. 2010 జూన్‌లో యూఎస్‌సీకి, అంటే సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీకి పడ్డ శిక్ష తీసుకోండి. రెండేళ్ల బౌల్ నిషేధం కాక, మూడేళ్లపాటు ఏటా పదేసి, మొత్తం 30 పోయాయి. అప్పట్లో మామూలు పరిమితి 85, ఏటా కొత్తగా తీసుకోగలిగింది 25. యూఎస్‌సీకి 75, 15 అయ్యాయి. కాగితం మీద పది తగ్గితే ఏముందనిపిస్తుంది. 15 మందిని తీసుకుంటే అందులో నలుగురైదుగురు గాయాలు, చదువు, ఇంటి బెంగ ఏదో ఒకదానితో నిలవరు. ఎప్పుడూ అంతే. 25లో ఐదుగురు పోతే 20 మిగులుతారు, 15లో ఐదుగురు పోతే పదే. పైగా మూడు, నాలుగో ఏడు చదువుతున్నవాళ్లు ఒక ఏడాది కూర్చోకుండానే వేరే కాలేజీకి మారవచ్చని ఎన్‌సీఏఏ తలుపు తీసింది. ముందు వరసలో ఢీకొనే లైన్‌మెన్ తగ్గితే ప్రాక్టీసులో పూర్తి బలంతో ఢీకొట్టించడానికి కోచ్ భయపడతాడు, బంతి ఉన్నవాణ్ని పడగొట్టే ట్యాక్లింగ్ మందగిస్తుంది. ఈ దెబ్బ మొదటి ఏడాది కనపడదు. 2012లో సీజన్‌కు ముందు దేశంలో నంబర్ వన్ అన్న జట్టు 7-6తో ముగించింది. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు, శిక్ష కరిచేసరికి తప్పు నాటి మనుషులు ఒక్కరూ ఉండరు.

నాలుగో డౌన్

చిన్న సవరణ. యూఎస్‌సీ స్టార్ ఆటగాడు రెజ్జీ బుష్ కుటుంబానికి డబ్బిచ్చింది బూస్టర్లు కాదు, రేపు అతని మార్కెటింగ్ వ్యాపారం దక్కుతుందని ఆశపడ్డవాళ్లు. యూఎస్‌సీని పట్టుకున్నది ‘మీకు తెలిసి ఉండాలి’ అన్న కారణం మీద. రెండూ కలపొద్దు.

లెక్కల మాస్టారు

ఒప్పుకున్నా. కోత లెక్క మాత్రం అదే.

చీకటి గది

అసలు గొడవ శిక్ష దగ్గర లేదు, పట్టుకోవడం దగ్గర ఉంది. ఎన్‌సీఏఏకు సమన్లు ఇచ్చే అధికారం లేదు. పోలీసులు కారు, కోర్టు కాదు. కాలేజీ ఉద్యోగిని, ఆడుతున్న విద్యార్థిని పిలిచి అడగగలదు, ‘రాను’ అంటే ఆటకో ఉద్యోగానికో ఎసరు పెట్టగలదు. బూస్టర్ బయటివాడు. ఫోను ఎత్తకపోతే చేసేదేమీ లేదు. మహా అయితే ‘ఈయనతో సంబంధం తెంచుకోండి’ అని కాలేజీకి చెప్పగలదు.

ఈ బలహీనత మయామీ యూనివర్సిటీ కేసులో రోడ్డున పడింది. 93 కోట్ల డాలర్ల పోంజీ మోసంలో 20 ఏళ్ల జైలు పడ్డ మయామీ బూస్టర్ నెవిన్ షపీరో, తాను 2002 నుంచి 2010 దాకా డజన్ల కొద్దీ ఆటగాళ్లకు డబ్బు, బహుమతులు ఇచ్చానని 2011 ఆగస్టులో బయటపెట్టాడు. సాక్షులు ఎన్‌సీఏఏ ముందుకు రారు. దాంతో ఎన్‌సీఏఏ వాళ్లు అడ్డదారి తొక్కారు: షపీరో దివాలా కేసులో సాక్షులను ప్రమాణం చేయించి ప్రశ్నించే అధికారం అతని లాయరుకు ఉంది కాబట్టి, ఆమెకు డబ్బిచ్చి తమ ప్రశ్నలు అడిగించారు. 2013 జనవరిలో ఆ సంగతి ఎన్‌సీఏఏ అధ్యక్షుడే చెప్పుకోవాల్సి వచ్చింది, ఆ సాక్ష్యం పక్కన పెట్టారు. చివరికి మయామీకి మూడేళ్లలో తొమ్మిది ఫుట్‌బాల్ స్కాలర్‌షిప్‌లు పోయాయి. రెండేళ్ల బౌల్ నిషేధం అంతకుముందే వాళ్లంతట వాళ్లు వేసుకున్నారు, కేసు తేలేసరికి మెత్తబడతారని. ఆ ఎత్తు పారింది కూడా.

అదే పోలీసులు దిగితే? 2002లో అలబామాకు రెండేళ్ల బౌల్ నిషేధం, 21 స్కాలర్‌షిప్‌ల కోత తెచ్చిపెట్టిన బూస్టర్ లోగన్ యంగ్‌ను 2005లో ఫెడరల్ కోర్టు దోషిగా తేల్చింది, ఒక ఆటగాడి కోసం అతని హైస్కూల్ కోచ్‌కు లక్షన్నర డాలర్లు ఇచ్చాడని. బూస్టర్‌కే నేరుగా శిక్ష పడిన అరుదైన కేసుల్లో అదొకటి.

పాతకాపు

అందుకే కదా జట్టును పట్టుకునేది! బూస్టర్ చేతికి చిక్కడు. వాడికి ప్రాణమైనది ఒక్కటే, శనివారం నాటి ఆట. అది తీసేస్తే పక్క బూస్టర్లే వాడి నోరు మూయిస్తారు.

లెక్కల మాస్టారు

మూయించారా? ఎస్‌ఎంయూ తర్వాత అలబామా, ఓల్ మిస్ (మిసిసిపీ యూనివర్సిటీ), టెనసీ. వరస చూడండి.

టెనసీలో జరిగింది పెద్ద బ్రీఫ్‌కేసుల కథ కూడా కాదు. అనధికారిక సందర్శన అని ఒకటుంది. కుర్రాడు, తల్లిదండ్రులు సొంత ఖర్చుతో కాలేజీ చూడటానికి రావాలి. గది అద్దె, తిండి కాలేజీ పెట్టకూడదు. ఇక్కడ సిబ్బందే ఆ బిల్లులు కట్టారు, వారం తర్వాత వారం, కోవిడ్ వల్ల కలవడమే నిషేధమైన నెలల్లో కూడా. మొత్తం కలిపితే 60,000 డాలర్ల దాకా తేలింది, చిన్నా పెద్దా ఉల్లంఘనలు 200 దాటాయి. యూనివర్సిటీ 2021 జనవరిలో కోచ్ జెరెమీ ప్రూయిట్‌ను తీసేసి, తనే ఫైళ్లు అప్పజెప్పింది. ప్రూయిట్‌కు ఆరేళ్ల ‘షో కాజ్’ పడింది. అంటే ఈలోగా అతన్ని తీసుకునే కాలేజీ ఎందుకు తీసుకుంటోందో కమిటీ ముందు సంజాయిషీ చెప్పుకోవాలి. ఎవరు తీసుకుంటారు? తప్పు చేసిన మనిషి వెంట నడిచే శిక్ష అదొక్కటే. రెండేళ్లు బౌల్ ఆటలు లేకపోతే పోయే ఆదాయానికి సరిపడా జరిమానా లెక్కగట్టారు కూడా, గాల్లోంచి తీసిన అంకె కాదు.

కొత్త ఎన్ఐఎల్

మీరంతా పాత పుస్తకం చదువుతున్నారు సార్లూ. 2021 జూలై 1 నుంచి ఆటగాడు తన పేరు, ముఖం అమ్ముకోవచ్చు, దాన్నే ఎన్ఐఎల్ అంటారు. 2025 జూన్ 6న ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన హౌస్ కేసు ఒప్పందానికి జడ్జి క్లాడియా విల్కెన్ ఆమోదం పడ్డాక కాలేజీయే నేరుగా ఆటగాళ్లకు డబ్బిస్తోంది, మొదటి ఏడాది పరిమితి 2.05 కోట్ల డాలర్లు. ఎస్‌ఎంయూ నెలకు 725 ఇచ్చి సీజన్ పోగొట్టుకున్న పని ఇప్పుడు బడ్జెట్‌లో ఒక పద్దు.

మధ్యలో వచ్చిన ఫ్లోరిడా స్టేట్ కేసు చూడండి, 2024 జనవరిలో తేలింది. ట్రాన్స్‌ఫర్ ఆటగాడిని అసిస్టెంట్ కోచ్ కారులో ఎక్కించుకుని బూస్టర్ దగ్గరికి తీసుకెళ్లాడు, అక్కడ నెలకు 15,000 డాలర్ల మాట వచ్చింది. కుర్రాడు చేరనే లేదు. కోచ్‌కు మూడు ఆటల సస్పెన్షన్, బూస్టర్‌తో మూడేళ్లు, అతని సంస్థతో ఏడాది సంబంధం తెంపు. తప్పు డబ్బివ్వడంలో కాదు, చేరకముందే దాన్ని ఎర వేయడంలో ఉంది. ఆ నెల తిరిగేసరికి టెనసీ, వర్జీనియా అటార్నీ జనరల్స్ కోర్టుకెళ్లారు, ఫిబ్రవరి 23న అలాంటి ఎరను ఆపే నిబంధనల మీదే స్టే వచ్చింది.

చీకటి గది

ఇప్పుడు బూస్టర్ ఎవరన్న నిర్వచనమే మారింది. కొత్త పద్ధతిలో ఆటగాడు 600 డాలర్లు, ఆపై విలువున్న ప్రతి బయటి డీల్‌నూ ‘ఎన్ఐఎల్ గో’ అనే ఆన్‌లైన్ వేదికలో నమోదు చేయాలి. ఇచ్చేవాడు కాలేజీకి జీవితంలో 50,000 డాలర్లకు మించి విరాళమిచ్చి ఉంటే డీల్‌ను విడిగా జల్లెడ పడతారు: నిజంగా వ్యాపార ప్రయోజనం ఉందా, ధర అలాంటివాళ్లకు దొరికే పరిధిలో ఉందా అని. 49,000 ఇచ్చినవాడు? కన్నాలు అక్కడ పడతాయి.

పాతకాపు

సరే, జల్లెడలో దొరికాడు అనుకుందాం. ఆటగాడు ఆ డబ్బు అప్పటికే తీసుకుని సీజన్ సగం ఆడేశాడు. అప్పుడు ఎవరిని కూర్చోబెడతారు?

కొత్త ఎన్ఐఎల్

ఆటగాడినే. డీల్ మార్చుకోనిదే, లేదా వెనక్కి తీసుకోనిదే ఆడనివ్వరు, కాదంటే మధ్యవర్తి దగ్గరికి వెళ్లాలి.

పాతకాపు

అంటే మళ్లీ కుర్రాడి మీదకే వచ్చింది.