పాత ఇంట్లో కొత్త మానిటర్: కేబినెట్‌ను తాకితే చెయ్యి జివ్వుమంటోంది

ప్రశ్న (పర్లాకిమిడి)

నమస్కారం. మా తాతగారు కట్టించిన పెంకుటింట్లో ఆటల కోసం 27 అంగుళాల, 1440పీ, 165 హెర్ట్జ్ (తెర సెకనుకు 165 సార్లు మారే) మానిటర్ అమర్చుకున్నాను. విండోస్‌లో 60 హెర్ట్జ్‌కు మించి కనిపించడం లేదు. సీలింగ్ ఫ్యాన్ స్విచ్ వేసినప్పుడల్లా తెర క్షణంపాటు నల్లబడుతోంది. అన్నిటికన్నా కలవరపెడుతున్నది ఇది: ఒట్టి కాళ్లతో ఉండి కంప్యూటర్ కేబినెట్ అంచును తాకితే చెయ్యి జివ్వుమంటోంది, తడిగుడ్డతో గది తుడుస్తున్న మా అమ్మకూ అలాగే అయింది. మానిటర్‌ను తిరిగి ఇచ్చేయమంటారా?

జవాబు (బరంపురం)

తమ్ముడూ, మానిటర్ సంగతి తర్వాత చూద్దాం, ముందు ఎర్తింగ్ చూపించుకోండి. కంప్యూటర్‌కు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ లోపల లైనుకూ కేబినెట్ లోహానికీ మధ్య ఒకటి, న్యూట్రల్‌కూ లోహానికీ మధ్య ఒకటి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. వాటి గుండా వచ్చే కొద్దిపాటి కరెంటు ఎర్త్ తీగ ఉంటే భూమిలోకి దిగిపోతుంది, లేకపోతే 230 వోల్టులలో దాదాపు సగం ఆ లోహం మీదే నిలిచి ఉంటుంది. ఆ కరెంటు స్వల్పం కాబట్టి జివ్వుమనడంతో సరిపోతోంది కానీ, రేపు లోపల లైను తీగే లోహానికి తగిలితే మిమ్మల్ని కాపాడేది ఏదీ ఉండదు. మన పాత ఇళ్లలో మూడు పిన్నుల సాకెట్ ఉన్నా పై రంధ్రానికి తీగే ఉండకపోవడం నేను చాలాచోట్ల చూశాను. కరెంటు మిస్త్రీ చేత ఎర్త్ గుంత నుంచి తీగ లాగించి, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. న్యూట్రల్‌నే ఎర్త్ పిన్నుకు కలిపేస్తానంటే ఒప్పుకోకండి, అది ప్రాణాంతకం. అంతవరకు ప్లగ్ తీయకుండా ఏ కేబుల్‌నూ ముట్టవద్దు.

జవాబు (రాయగడ)

60 హెర్ట్జ్ గురించి: కేబుల్‌ను మదర్‌బోర్డుకు కాక గ్రాఫిక్స్ కార్డుకే పెట్టారా? డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ వాడి, విండోస్ అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 165ను మీరే ఎంచుకోవాలి. అప్పుడు ఒక్కో ఫ్రేమ్ 16.7 మిల్లీసెకన్లకు బదులు 6 మిల్లీసెకన్లకే మారుతుంది. తెర నల్లబడడానికి స్విచ్‌లో పుట్టే నిప్పురవ్వ ప్రభావం కేబుల్ మీద పడడం కారణం కావచ్చు. పొట్టిదీ, మంచి షీల్డింగ్ (బయటి విద్యుత్ ప్రభావాన్ని అడ్డుకునే లోహపు తొడుగు) ఉన్నదీ వాడి చూడండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. మిస్త్రీ బోర్డు విప్పితే ఎర్త్ తీగ అసలు లేదు. కొత్తగా లాగించాక జివ్వుమనడం పూర్తిగా పోయింది, అమ్మ నిశ్చింతగా గది తుడుస్తోంది. 165 వచ్చింది. తెర నల్లబడడం తగ్గింది కానీ పోలేదు. పొట్టి కేబుల్ తెప్పిస్తున్నాను.